ఎడమవైపు ఒకసారి తట్టండి

జూన్ 3

పిన్నికి నమస్కారాలు.

ఫోన్లో నా ఊపిరి తప్ప ఇంకేమీ వినబడదని నువ్వు విసుక్కుంటావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. ఉత్తరంలో మంచి కబురు ముందు, చెడ్డ కబురు వెనక రాయాలని కాన్వెంటులో సిస్టర్ నేర్పింది. చదివేవాళ్లకు ఈలోగా కూర్చోవడానికి వ్యవధి దొరుకుతుందట. అలాగే రాస్తాను.

మంచి కబురు. ఆఫీసులో నన్ను మేడమీది గదినుంచి కింది అంతస్తులోని షోరూముకు మార్చారు. ఇక్కడ నాకు సొంత కౌంటర్ ఉంది. చుట్టూ తిరిగే కుర్చీ ఉంది. కౌంటర్ మీద ఇత్తడి గంట ఉంది. వచ్చినవాళ్లు అది కొట్టి నాకోసం నిలబడతారు. పొద్దున్నే తలుపులు తీసేసరికి వరస ఉంటుంది. మేడమీద నా గదికి కిటికీ కూడా లేదు, ఇక్కడ ఎదురుగా గోడంతా అద్దమే. మేనేజర్ గారు స్వయంగా తీసుకొచ్చి, అందరి ముందూ నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

కాగితం అయిపోయింది. మిగతాది రెండో కాగితంలో.

చెడ్డ కబురు. ఇది శిక్ష.

మా కంపెనీ వాషింగ్ మెషీన్లకు మాన్యువల్స్ రాసేది నేనేనని నీకు తెలుసు. కొత్త మోడల్ మాన్యువల్లో, 'మెషీన్ కదలకపోతే' అనే పేజీలో, ప్లగ్గు చూడండి, నీళ్ల గొట్టం చూడండి అన్న తర్వాత, 'అప్పటికీ కదలకపోతే ఎడమవైపు మోకాలితో ఒకసారి తట్టండి' అని రాశాను. అది అబద్ధం కాదు. ఫ్యాక్టరీలో అందరూ చేసేది అదే. మేనేజర్ గారు కూడా. ఆయన ప్యాంటు ఒక మోకాలి దగ్గర విడిగా మెరుస్తుంది. పుస్తకం అచ్చయి, పెట్టెల్లో పడి, దుకాణాలకు వెళ్లిపోయాక ఎవరో పైవాళ్లకు చూపించారు.

"ఉన్నమాట రాసేస్తే ఎలా అమ్మా?" అన్నారు మేనేజర్ గారు. కోపంగా కాదు, దిగులుగా. "నువ్వు రాసింది చదివేవాళ్ల మొహాలు కొన్నాళ్లు చూడు" అని ఈ ఫిర్యాదుల కౌంటర్లో పడేశారు. వచ్చే నెలాఖరులోగా నేను కుదురుకోకపోతే ఉద్యోగం ఉండదు. కుదురుకునే లక్షణాలు కనబడటం లేదు. మొదటిసారి గంట మోగినప్పుడు పెన్సిల్ వెతుకుతున్నట్టు కౌంటర్ కిందికి వంగాను. గంట కొట్టినావిడ వెళ్లిపోయేదాకా వెతికాను. పెన్సిల్ చేతిలోనే ఉంది.

అమ్మకు చెప్పకు. నీ డ్రైవింగ్ స్కూల్లో లోపలి గది నాకోసం ఉంచానంటావు కదా, ఎవరి మొహమూ చూడకుండా రసీదులు రాసుకోవచ్చని. అది ఇంకా ఖాళీగా ఉందా? అడుగుతున్నానంతే. రావాలని లేదు. ఇక్కడ నేనుంటున్న గదికి తలుపు నేను వేసుకుంటాను, నేను తీసుకుంటాను. అలాంటి గది నాకు ఇదే మొదటిది.

బాబాయిని అడిగినట్టు చెప్పు.

నీ పిల్లి


జూన్ 10

ఒసే పిల్లీ! నా బంగారుతల్లీ!

నీ ఉత్తరం కార్లోనే చదివానే. ఎర్రలైటు దగ్గర మొదటి కాగితం అయ్యింది. రెండోది విప్పుతుంటే పచ్చలైటు పడింది. నా స్టూడెంట్ ఒక పళ్ల డాక్టర్ ఉన్నాడులే, పన్ను పీకినట్టు క్లచ్ వదిలాడు. కాగితం కిటికీలోంచి ఎగిరిపోయింది, వెనక బస్సు దాన్ని తొక్కేసింది. పోతే పోనీ. రెండో కాగితంలో నువ్వేం రాస్తావో నాకు తెలీదా? ఆరోగ్యం జాగ్రత్త, అందరినీ అడిగినట్టు చెప్పు. సరే, జాగ్రత్త. సరే, చెప్పాను.

ప్రమోషన్! అదీ మేనేజర్ చేయి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టడం! అడుగుల చప్పుడు వినబడక నీకు పిల్లి అని పేరు పెట్టింది నేనే కదా. పిల్లి మెడలో గంట ఎవరు కడతారా అని లోకమంతా చూస్తుంటే మీ మేనేజర్ కట్టాడు. ఆయన మొహాన్ని ఒకసారి చూడాలే.

మీ అమ్మకు చెప్పాను. ఏడ్చింది. సంతోషంతోనే. పెద్దమ్మకు చెప్పాను, మావయ్యకు చెప్పాను, అడగనివాళ్లకు ఆపి మరీ చెప్పాను. "జనం క్యూ కడతారట దానికోసం" అన్నాను. మావయ్య "దేనికీ?" అన్నాడు. వాడికి ఎప్పుడూ అనుమానమే. "కష్టాలు చెప్పుకోవడానికి. ఇంకెందుకు కడతార్రా క్యూ?" అన్నాను. వెంటనే లేచి వెళ్లి కాగితం, కలం తెచ్చుకున్నాడు. పక్కింటి కుక్క గురించి నీకు రాస్తాడట. పెద్దమ్మ కూడా ఏదో రాస్తోంది, చూడబోతే చెయ్యి అడ్డం పెట్టుకుంది.

లోపలి గది నీకోసం ఇన్నాళ్లూ అట్టేపెట్టాను. ఇక నీకెందుకులే అని పాత టైర్లు పడేయించాను.

మా స్కూల్ మూడు పువ్వులు ఆరు కాయలు. స్టూడెంట్లతో ఊపిరి సలపడం లేదు. ఈ మాట రాస్తుంటే మీ బాబాయి పక్కన కూర్చుని దగ్గుతున్నాడు. జలుబు.

గట్టిగా మాట్లాడు. నవ్వుతూ మాట్లాడు. తల ఎత్తి మాట్లాడు.

ఎడమా కుడీ చూసి దాటు.

పిన్ని


జూన్ 16

పిన్నికి,

ఈసారి చెడ్డ కబురే ముందు రాస్తున్నాను. కారు ఆపి చదువు.

ఇది ప్రమోషన్ కాదు. శిక్ష. మాన్యువల్లో 'మోకాలితో తట్టండి' అని రాసినందుకు నన్ను ఫిర్యాదుల కౌంటర్లో కూర్చోబెట్టారు. వచ్చే నెలాఖరుకు కుదురుకోకపోతే ఇంటికి పంపుతారు. బస్సు కింద పోయింది ఈ కబురే.

మావయ్య అర్జీ వచ్చింది. పక్కింటి కుక్క తనని చూసి మాత్రమే మొరుగుతోందనీ, 'తమరు తగు చర్య తీసుకోగలరు' అనీ రాశాడు. నన్ను భుజాల మీద మోసిన మావయ్య. పెద్దమ్మ ఫిర్యాదు పెదనాన్న మీద. ఏం చెప్పినా ఆయన వినిపించుకోరట. జవాబు రాయకపోతే మర్యాద కాదని ఇద్దరికీ రాశాను. మావయ్యను ఎప్పుడూ పెట్టుకునే ఆ టోపీ తీసేసి వెళ్లి చూడమన్నాను. పెదనాన్నను చెవుల డాక్టర్‌కి చూపించమన్నాను.

ఇక్కడ మనిషి ఎదురుగా నిలబడితే నాకు మాట రాదు. అందుకని చెప్పేది విని, జవాబు చీటీ మీద రాసి కౌంటర్ మీదుగా జరుపుతున్నాను. ఒకాయన "ఏమ్మా, మాటలు రావా?" అన్నారు. 'వస్తాయి, కొంచెం ఆగాలి' అని రాసి జరిపాను. ఆయన ఆగారు. రాలేదు. ఇద్దరం నవ్వుకున్నాం.

రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకాయన రోజూ వస్తారు. "నిలబడమంటే నిలబడదు! గది ఈ మూలనుంచి ఆ మూలకు నడుస్తోంది!" అంటారు మెషీన్ గురించి. ఆయన గొంతుకు అద్దాలు అదురుతాయి. 'నేల ఎగుడుదిగుడుగా ఉందేమో, పొట్టికాలు కింద అట్టముక్క పెట్టండి' అని రాసిచ్చాను. మర్నాడు వచ్చి సెల్యూట్ చేసి వెళ్లారు. ఆ మర్నాడు కూడా వచ్చారు. ఫిర్యాదేమీ లేదట, అలవాటైందట.

ఒక సంగతి తెలిసింది. మేడమీద కూర్చుని రాసేటప్పుడు, చదివేవాళ్లు కూడా కుర్చీలో కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, మొదటి పేజీనుంచి చదువుతారనుకునేదాన్ని. ఎవరూ అలా చదవరు పిన్నీ. చంకలో బిడ్డ, చేతిలో తడిగుడ్డ, పొయ్యిమీద ఏదో మాడుతుంటే చదువుతారు.

ఆ టైర్లు తీయించగలవా? ఎందుకైనా మంచిది.

పిల్లి


జూన్ 23

పిల్లీ,

కారు ఆపే చదివాను. చదివాక చాలాసేపు స్టార్ట్ చెయ్యలేదు. కోపంతో ఊరికే హారన్ కొట్టాను.

తట్టండి అని రాసినందుకా! నా కారు స్టార్టవడానికి నేను దాన్ని ఏమేం అంటానో, ఎక్కడెక్కడ తంతానో పుస్తకం రాస్తే నన్నేం చేస్తారు మరి? నోట్లో నాలుక లేని పిల్లని తీసుకెళ్లి జనం మధ్య నిలబెట్టడం, ఈత రానివాణ్ణి నదిలోకి తొయ్యడం ఒకటే.

నువ్వేం కంగారుపడకు. నేను పక్కసీట్లో ఉండగా ఏ స్టూడెంట్ బండీ ఇంతవరకూ దేన్నీ గుద్దుకోలేదు. ఎందుకో తెలుసా? నా కాలికింద కూడా ఒక బ్రేక్ ఉంటుంది. అదే వేశాను. మీ మేనేజర్‌కి ఉత్తరం రాశాను. 'అయ్యా, మా పిల్ల నలుగురిలో కూర్చుంటే వాడిపోతుంది. దాన్ని లోపలెక్కడైనా కూర్చోబెట్టండి. కుదరకపోతే మా స్కూల్‌కి పంపించేయండి, ఇక్కడ ఉద్యోగం సిద్ధంగా ఉంది.' ఎంత మర్యాదగా రాశానో నువ్వు చూడాల్సింది.

టైర్లు తీయించాను. గదికి సున్నం కూడా వేయిస్తున్నాను.

ప్రమోషన్ సంగతి మాత్రం వెనక్కి తీసుకోలేనే. చాటింపు వేసినదాన్ని మళ్లీ నేనే వెళ్లి కాదనాలంటే నా తల కొట్టేసినట్టుంటుంది. పైగా మావయ్య టోపీ తీసేస్తే కుక్క తోక ఊపిందట. ఇక వాడు నా మాట వినడు.

పళ్ల డాక్టర్ కొన్నాళ్లు సెలవు పెట్టాడు. డ్రైవింగ్ నేర్పడానికి నాకున్న లైసెన్స్ రెన్యూ చెయ్యాలి, వచ్చేవారం పరీక్ష. పరీక్షంటే ఏముంది, చేపకి ఈత పరీక్ష.

ధైర్యంగా ఉండు.

పిన్ని


జూలై 2

పిన్నికి,

కౌంటర్ మీద టెలిఫోన్ కూడా ఉందని నీకు రాయలేదు. అది మోగకూడదని రోజూ మొక్కుకునేదాన్ని. ఫోన్లోకి చీటీ జరపలేం కదా.

నిన్న మోగింది. ఒకావిడ. మెషీన్ ఆగిపోయి, దాంట్లోంచి నీళ్లు కారి గదంతా మడుగైందట. ఆ నీళ్లలోనే నిలబడి మాట్లాడుతోంది. "ప్లగ్గు చూశానమ్మా. గొట్టం చూశాను. ఇంక తట్టమని ఉంది పుస్తకంలో. తట్టనా?"

అది నా వాక్యం పిన్నీ.

"తట్టకండి!" అని అరిచాను. "దాన్ని ముట్టుకోకండి! ముందు నీళ్లలోంచి బయటికి రండి! రండి! మెయిన్ స్విచ్ ఎక్కడుంది? చెయ్యి తడిగా ఉందా? తుడుచుకోండి! ఇప్పుడు కట్టెయ్యండి!" ఆవిడ స్విచ్ కట్టేసి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగేదాకా ఫోన్ పెట్టలేదు. తర్వాత చూస్తే షోరూమంతా కదలకుండా నిలబడి ఉంది. డ్రిల్లు మాస్టారు అటెన్షన్లో ఉన్నారు.

ఆ వాక్యం నిజమే. కానీ ఫ్యాక్టరీ నేల పొడిగా ఉంటుంది, అక్కడివాళ్లకు ఎప్పుడు తట్టాలో, ఎప్పుడు తట్టకూడదో తెలుసు. నేను నిజం రాశానని గర్వపడ్డానే తప్ప, చదివేవాళ్ల కాళ్లకింద ఏముందో ఆలోచించలేదు. ఆ పేజీ తీసేయమని చెప్పడానికి నా అంతట నేనే మెట్లెక్కి మేనేజర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన నీ ఉత్తరం తీశారు.

"మీ పిన్నిగారు నీకు నోరే లేదంటున్నారే. ఇందాక కింద అరిచిందెవరు?"

"నేనేనండి."

"మరి ఈ ఉత్తరం ఎవరి గురించి?"

నవ్వొచ్చే మాటే. కానీ ఆయన అప్పటికే పైవాళ్లకు చెప్పేశారు, ఈ అమ్మాయికి ఊళ్లో వేరే ఉద్యోగం సిద్ధంగా ఉంది, నెలాఖరుకు తనే వెళ్లిపోతుంది అని. పైవాళ్లకు పీడ వదిలినట్టుంది. "పెద్దవాళ్లు రాశారు కదమ్మా, నేనేం చెయ్యను?" అంటున్నారు.

కోపంగా ఉత్తరం ఎలా రాయాలో కాన్వెంటులో నేర్పలేదు. అందుకని మామూలుగానే రాస్తున్నాను. నాకు చాలా కోపంగా ఉంది. నేను ఇప్పుడిప్పుడే బండి కదిలించాను. నువ్వు బ్రేక్ వేశావు.

ఆ ఉత్తరం వెనక్కి తీసుకో.

పిల్లి


జూలై 9

ఫిర్యాదుల కౌంటర్ గారికి,

మీ మేనేజర్‌కి మళ్లీ రాశాను. 'నా ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నాను. మా పిల్ల సంగతి మా పిల్లే చెప్పుకుంటుంది.' అంతే. ఈ రెండు ముక్కలకి ఎన్ని కాగితాలు చింపానో మీ బాబాయిని అడుగు. ప్రతిసారీ చివర్లో ఒక సలహా వచ్చి కూర్చునేది.

ఇప్పుడు నా ఫిర్యాదు. యంత్రం: పిన్ని. వయసు: బాబాయి కంటే తక్కువ. లోపం: కదలడం లేదు.

నేను పరీక్ష తప్పాను పిల్లీ.

నవ్వకు. సరే, నవ్వు. ఎక్కి కూర్చున్నాను. పరీక్షించే ఆఫీసర్ పక్కన కూర్చున్నాడు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఊఁ, అద్దం చూసుకోండి, ఇండికేటర్ వెయ్యండి, మెల్లగా క్లచ్ వదలండి" అన్నాను. ఆయన నా వంక చూశాడు. "ఎవరికి చెప్తున్నారు మేడం?" అన్నాడు. అప్పుడు చూసుకుంటే స్టీరింగ్ నా ముందుంది. ఎన్నేళ్లుగా పక్కసీట్లో కూర్చుంటున్నానే! గేరు మార్చాల్సిన చోట ఆయనకి చెప్పాను. మలుపు దగ్గర ఆయన కాళ్లవైపు చూసి, "బ్రేక్! బ్రేక్!" అని కేకేశాను. ఆఖర్న కాలిబాట ఎక్కించాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "మీ కారు సీటు సరిగ్గా లేదు" అని దిగి వచ్చేశాను.

స్కూల్ మూతపడింది. అసలు పరీక్షకి ముందే స్టూడెంట్లెవరూ లేరు. పళ్ల డాక్టర్ పెట్టింది సెలవు కాదు, ఎదుటి వీధిలో కొత్త స్కూల్లో చేరాడు. నిలదీస్తే ఏమన్నాడో తెలుసా? "మీ దగ్గర బాగానే ఉంటుంది మేడం. కానీ అన్ని బ్రేకులూ మీరే వేసేస్తారు. నా కాలికింద కూడా ఒకటుందని నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది." వాడు ఆ మాట అన్నరోజే నీ కోపం ఉత్తరం వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

బాబాయిది జలుబు కాదు. నేను గొప్పలు రాసినప్పుడల్లా దగ్గుతాడు.

ఇంకొకటి చెప్పేస్తాను. ఆ లోపలి గది నీకోసం కాదే. స్కూల్లో ఒక్కదాన్నే కూర్చోలేక, నువ్వొస్తే తోడుంటావని.

తగు చర్య తీసుకోగలరు.

పిన్ని


జూలై 15

పిన్నికి,

నీ ఫిర్యాదు అందింది. నవ్వాను, కాలిబాట దగ్గర మాత్రం నవ్వలేదు.

జవాబు. ఎవరినీ ఎక్కించుకోకుండా కారు తియ్యి. బాబాయిని కూడా వద్దు. ఏదైనా చిన్న పని పెట్టుకుని వెళ్లిరా. దారిలో పైకి ఒక్కమాటా అనకు. అనిపిస్తే పాట పాడుకో. రోజూ ఇంకొంచెం దూరం వెళ్లు. అప్పటికీ ఫలితం లేకపోతే మళ్లీ రాయి.

నీ రెండో ఉత్తరం మేనేజర్ గారికి చేరింది. "ఇది మీ పిన్నిగారిదేనా? సలహా ఒక్కటీ లేదే" అన్నారు. తర్వాత నన్ను పైవాళ్ల దగ్గరికి తీసుకెళ్లారు. పొడుగాటి బల్లకు ఆ చివర వాళ్లు, ఈ చివర నేను. వాళ్లేమీ చెడ్డవాళ్లు కాదు. ఆ పేజీ తీసేస్తామన్నారు. టెలిఫోన్ సంగతి విన్నామన్నారు. "కావాలంటే మీ పాత గదికి వెళ్లిపోండి, పైన హాయిగా రాసుకోండి" అన్నారు.

నెల కిందట ఆ మాట అని ఉంటే మెట్లెక్కి పరిగెత్తేదాన్ని. వద్దన్నాను. కిందే కూర్చుని రాస్తానన్నాను. రాసిన ప్రతి పేజీ కౌంటర్ దగ్గరికొచ్చేవాళ్లకి చదివి వినిపిస్తాను, వాళ్లకి అర్థమైతేనే అచ్చుకి ఇవ్వాలి, లేకపోతే మళ్లీ రాస్తాను అన్నాను. నా మాట సగం బల్లదాకానే వెళ్లింది. ఆ చివరాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమన్నారు? వినబడలేదు" అన్నారు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పినప్పుడు నాకే నచ్చింది.

ఇలాంటి పద్ధతి ఎక్కడా లేదన్నారు. ఆలోచించి నెలాఖరుకు చెప్తామన్నారు. ఒప్పుకోకపోతే ఉద్యోగం పోతుంది. పాత గది వద్దన్నది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

పోయినా ఆ లోపలి గదిలోకి రాను పిన్నీ. కోపంతో కాదు. కోపం నిన్నటితో తగ్గింది. ఇంకో ఊళ్లోనైనా ఇంకో కౌంటర్ వెతుక్కుంటాను. నీకు తోడు కావాలంటే సెలవు పెట్టి వస్తాను, ఉద్యోగం మానుకుని కాదు.

పిల్లి


జూలై 31

పిన్నికి,

ఒప్పుకున్నారు. ఉంచారు.

మొదటి పేజీ వరసలో ఉన్నవాళ్లకి చదివాను. ఒక్కరికీ అర్థం కాలేదు. చాలా బాగుంది.

మళ్లీ రాస్తాను. జనం ఉన్నారు.

పిల్లి


ఆగస్టు 7

పిల్లీ,

పెట్రోల్ బంకులో ఒక బల్లమీద కూర్చుని రాస్తున్నాను. చేతికి అంటిన నూనె కాగితానికి అంటుతోంది, ఏమనుకోకు.

నువ్వు చెప్పినట్టే చేశాను. మొదటిరోజు సబ్బు కొనడానికి వెళ్లాను. ఒక్కమాట అనకూడదని పళ్లు బిగించి వెళ్లొచ్చేసరికి దవడలు నొప్పెట్టాయి, సబ్బు మర్చిపోయాను. రెండోరోజు పాడాను. దారిన పోయే గేదె కూడా ఆగి చూసింది. అలా అలా దూరం పెంచాను. మళ్లీ పరీక్షకి వెళితే అదే ఆఫీసర్. నేను నోరు విప్పలేదు. "ఒంట్లో బాగాలేదా మేడం?" అని అడిగాడు పాపం. పాసయ్యాను.

పాసయ్యాక చూస్తే, నాకు మళ్లీ పక్కసీట్లో కూర్చోబుద్ధి కాలేదే. స్కూల్ గది అద్దెకిచ్చేశాను. హాస్పిటల్ దుప్పట్లు లాండ్రీకి తీసుకెళ్లే వ్యాన్‌కి డ్రైవర్ కావాలంటే వెళ్లి అడిగాను. మీ అమ్మ, "నీకిదేం ఖర్మే" అంది. ఖర్మ కాదే అక్కా, హాయి అన్నాను. దుప్పట్లు క్లచ్ వదలవు. నేనేం చెప్పినా వినేవాళ్లు లేరు కాబట్టి చెప్పడం మానేశాను. సగం దారి కిటికీలోంచి లోకాన్ని చూస్తూ పోతున్నాను. ఇన్నాళ్లూ స్టూడెంట్ కాళ్లే చూశానుగా.

ఇవాళ మీ ఊరి లాండ్రీకి మొదటి ట్రిప్పు. ఇంతదూరం ఒక్కదాన్నే రావడం నా జన్మలో ఇదే మొదలు. ఇందాక దారి తప్పాను. ఒకాయన్ని అడిగితే ఈ మలుపు, ఆ వంతెన అని చాలాసేపు చెప్పాడు. మధ్యలో అడ్డుపడకుండా మొత్తం విన్నాను. తప్పు దారి చెప్పాడు. అయినా విన్నాను చూడు, అదీ గొప్ప.

సాయంత్రానికి నీ గదికి వస్తాను. తలుపు తీసేదాకా బయటే నిలబడతాను. ఈ ఉత్తరం ఎలాగూ నా తర్వాతే వస్తుంది. మరెందుకు రాస్తున్నావని బాబాయి అడిగేవాడు, పక్కనుంటే. నా మాటలన్నీ దీంట్లో ఖర్చుపెట్టేస్తున్నానే. ఇవాళ సాయంత్రం నువ్వు చెప్పాలి. మెల్లగా చెప్పినా సరే, ఆగి ఆగి చెప్పినా సరే. నేను వింటాను.

వ్యాన్ తీస్తున్నా.

పిన్ని